నిప్పు లేనిదే పొగ రాదా?
– కుట్ర కథలను మనుషులు ఎందుకు నమ్ముతారు –

"నిప్పు లేనిదే పొగ రాదు" అన్నది మన ఇళ్ళలో తరచుగా వినిపించే సామెత. ఎవరి మీదనైనా ఒక పుకారు పుట్టిందంటే, పెద్దవాళ్ళు ఈ ఒక్క మాట అంటే చాలు, ఇక వాదన ఉండదు. ఏమీ జరగకపోతే ఇంతమంది ఎందుకంటారు అని అందరమూ తల ఊపుతాం. కానీ నిప్పు లేకుండానే పొగ పుట్టిన సందర్భాలు, ఆ పొగలో మనుషుల ప్రాణాలు పోయిన సందర్భాలు మన రాష్ట్రంలోనే ఉన్నాయి. వాటిలో ఒకటి మనం జల్‌పల్లి నుండి సిటీకి పోయేటప్పుడు రోజూ దాటే చాంద్రాయణగుట్టలో జరిగింది.

వార్షికోత్సవ సంచికకు తమ్ముళ్ళకు పనికివచ్చే విషయం ఏదైనా రాయమని అడిగితే, పోటీ పరీక్షల గురించి రాయాలా, ఉద్యోగాల గురించి రాయాలా అని చాలా ఆలోచించాం. చివరికి ఈ విషయాన్నే ఎంచుకున్నాం. చదువు మనకు ఉద్యోగం ఇస్తుందో లేదో తర్వాతి సంగతి. విన్న మాటను తూచి చూసే శక్తిని మాత్రం తప్పకుండా ఇవ్వాలి. అది ఇవ్వని చదువు ఎన్ని సర్టిఫికెట్లు తెచ్చినా అసంపూర్ణమే అని మా అభిప్రాయం.

2018 మే నెలలో ఏం జరిగింది?

2018 వేసవిలో తెలంగాణ అంతటా సెల్‌ఫోన్లలో ఒక వార్త తిరిగింది. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని, వాళ్ళు బిచ్చగాళ్ళ వేషంలో వస్తారని, పార్థీ గ్యాంగ్ అని, బీహార్ గ్యాంగ్ అని రకరకాల పేర్లతో వాట్సాప్‌లో వీడియోలు, వాయిస్ మెసేజ్‌లు వచ్చాయి. ఊళ్ళలో యువకులు రాత్రుళ్ళు కర్రలు పట్టుకుని కాపలా కాశారు. అటువంటి ముఠాలేవీ రాలేదని పోలీసు అధికారులు పదే పదే చెప్పినా వినేవాళ్ళు తక్కువయ్యారు.

ఆ నెలలోనే యాదాద్రి భువనగిరి జిల్లా బీబీనగర్ మండలంలోని ఒక గ్రామంలో, బంధువుల ఇంటికి వచ్చిన ఒక ఆటో డ్రైవర్‌ను దొంగ అనుకుని కొట్టి చంపారు. నిజామాబాద్ జిల్లా భీమ్‌గల్ మండలంలో మరొకరి ప్రాణం పోయింది. మే 26వ తేదీ రాత్రి చాంద్రాయణగుట్టలో, రంజాన్ మాసం కాబట్టి భిక్షకు వచ్చిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను జనం చుట్టుముట్టారు. పిల్లలను ఎత్తుకుపోవడానికే ఆడవేషంలో వచ్చారని కేకలు వేశారు. రాళ్ళతో, కర్రలతో కొట్టారు. ఒకరు మరణించారు, మిగిలినవారు గాయపడ్డారు. వారి దగ్గర ఏ పిల్లవాడూ లేడు. ఆ బస్తీలో ఆ రోజు ఏ పిల్లవాడూ తప్పిపోలేదు.

జులై 13న కర్ణాటకలోని బీదర్ జిల్లా ముర్కి గ్రామం దగ్గర హైదరాబాద్‌కు చెందిన ఒక యువ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ను చంపారు. ఆయన, మిత్రులు చేసిన నేరమల్లా దారిలో బడిపిల్లలకు చాక్లెట్లు పంచడమే. ఎవరో వీడియో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. కారు ముందున్న ఊరికి చేరేసరికే అక్కడ జనం దారికి అడ్డంగా నిలబడి ఉన్నారు. కాపాడబోయిన పోలీసులకు కూడా గాయాలయ్యాయి.

ఆ రోజుల్లో దేశమంతా తిరిగిన వీడియోల్లో ఒకదాని సంగతి తెలుసుకోవాలి. మోటారు సైకిల్ మీద వచ్చిన ఇద్దరు, వీధిలో ఆడుకుంటున్న పిల్లవాణ్ణి ఎత్తుకుపోతున్నట్లు అందులో కనపడుతుంది. అది మన దేశంలో తీసింది కాదు. పాకిస్తాన్‌లోని కరాచీలో, పిల్లల భద్రత కోసం పనిచేసే ఒక సంస్థ ప్రచారం కోసం నటులతో తీయించిన చిత్రం. అసలు చిత్రం చివర్లో ఆ పిల్లవాణ్ణి తిరిగి తెచ్చి దించుతారు, జాగ్రత్తగా ఉండమని రాసిన అట్ట చూపిస్తారు. ఎవరో ఆ చివరి భాగాన్ని కత్తిరించి పంపారు. పిల్లలను కాపాడుకోమని చెప్పడానికి తీసిన చిత్రమే మనుషులను చంపడానికి కారణమైంది.

కుట్ర కథ అంటే ఏమిటి?

కుట్ర కథకు మూడు లక్షణాలు ఉంటాయి. మొదటిది, జరిగింది అనుకోకుండా జరగలేదు, ఎవరో కావాలనే చేశారు అంటుంది. రెండవది, చేసినవాళ్ళు మనకు కనపడకుండా, చాటుగా, కలిసికట్టుగా పనిచేస్తున్నారు అంటుంది. మూడవది, ఇది అబద్ధం అని ఎవరైనా అంటే వాళ్ళు కూడా ఆ కుట్రలో భాగమే అంటుంది. ఈ మూడవ లక్షణమే తలుపుకు తాళం వంటిది. ఒకసారి అది పడిందంటే ఇక ఏ రుజువూ లోపలికి పోదు. పోలీసు కాదంటే పోలీసు అమ్ముడుపోయాడు, డాక్టరు కాదంటే డాక్టరు అమ్ముడుపోయాడు, పేపర్లో రాకపోతే పేపరు దాచిపెట్టింది.

కార్ల్ పాపర్ అనే తత్వవేత్త 1945లో వచ్చిన తన గ్రంథంలో ఒక మంచి మాట చెప్పాడు. పాతకాలంలో యుద్ధం వచ్చినా, కరువు వచ్చినా దేవతల పన్నాగం అనుకునేవారు. దేవతల మీద నమ్మకం తగ్గాక ఆ ఖాళీ స్థానంలో బలవంతులైన మనుషుల ముఠాలను కూర్చోబెట్టారు అని దాని సారాంశం. మన ఊళ్ళలోనూ అంతే కదా! ఒకప్పుడు ఊరికి రోగం వస్తే అమ్మవారికి కోపం వచ్చిందనేవారు, లేదా ఎవరో చేతబడి చేశారనేవారు. ఇప్పుడు పేర్లు మారాయి, ఆలోచన మారలేదు.

పెద్ద సంఘటనకు పెద్ద కారణం కావాలి

మనిషి మనసుకు ఒక అలవాటు ఉంది. పెద్ద నష్టానికి చిన్న కారణం చెబితే అది ఒప్పుకోదు. దీనికి మన తెలుగువాళ్ళందరికీ తెలిసిన ఉదాహరణ ఉంది.

2009 సెప్టెంబర్ 2న అప్పటి ముఖ్యమంత్రి డాక్టర్ వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు రచ్చబండ కార్యక్రమం కోసం బేగంపేట నుండి చిత్తూరు జిల్లాకు హెలికాప్టర్‌లో బయలుదేరారు. నల్లమల అడవి మీదుగా పోతుండగా హెలికాప్టర్ కనపడకుండా పోయింది. మరునాడు ఉదయం పావురాలగుట్ట దగ్గర దాని శకలాలు దొరికాయి. ఆయనతో పాటు మొత్తం ఐదుగురు మరణించారు. రాష్ట్రమంతా శోకంలో మునిగిపోయింది.

అంత పెద్ద నాయకుడు వానమబ్బుల వల్ల చనిపోయాడంటే మనసు ఒప్పుకోవడం కష్టం. 2010 జనవరి మొదటి వారంలో ఒక తెలుగు వార్తా ఛానల్, ఎక్కడో రష్యాకు చెందిన ఒక వెబ్‌సైట్‌లో వచ్చిన రాతను పట్టుకుని, ఇది ఒక పెద్ద వ్యాపార కుటుంబం చేయించిన హత్య అన్నట్లు కథనం ప్రసారం చేసింది. మరికొన్ని ఛానళ్ళు దాన్ని అందుకున్నాయి. ఆ రాత్రే రాష్ట్రంలో చాలాచోట్ల రిలయన్స్ దుకాణాల మీద, పెట్రోల్ బంకుల మీద దాడులు జరిగాయి. తర్వాత పాత్రికేయులను అరెస్టు చేశారు. ఆ రాతకు ఆధారమేదీ దొరకలేదు.

ప్రమాదంపై కేంద్ర ప్రభుత్వం వేసిన సాంకేతిక కమిటీ ఏం తేల్చింది? గేర్ బాక్స్ ఆయిల్ పీడనానికి సంబంధించిన హెచ్చరిక రావడంతో, పైలట్లు దాన్ని సరిచూసుకోవడంలో మునిగిపోయారు. అదే సమయంలో హెలికాప్టర్ తీవ్రమైన వాన మబ్బుల్లోకి పోయింది. అదుపు తప్పి కొండను ఢీకొట్టింది. ఇందులో శత్రువు లేడు, పగ లేదు. ఒక హెచ్చరిక, కొన్ని నిమిషాల పరధ్యానం, చెడు వాతావరణం మాత్రమే ఉన్నాయి. ఈ సమాధానం నిజమే కానీ, దుఃఖంలో ఉన్నవాడికి ఇది ఊరట ఇవ్వదు. శత్రువు ఉన్నాడంటే కోప్పడడానికి ఒక చోటు దొరుకుతుంది. మబ్బు మీద ఎవరు కోప్పడగలరు?

భయానికి ఒక రూపం కావాలి

1934 జనవరి 15న బీహార్‌లో భయంకరమైన భూకంపం వచ్చింది. వేలమంది మరణించారు. ఆ తర్వాత ప్రజల్లో తిరిగిన పుకార్లను పాట్నాకు చెందిన జమునా ప్రసాద్ అనే మనస్తత్వ శాస్త్ర అధ్యాపకుడు సేకరించాడు. ఆయన చూసిన ప్రాంతంలో భూమి కంపించింది కానీ ఇళ్ళు కూలలేదు. అక్కడివారు ఊపిరి పీల్చుకుని ఉండాలి. కానీ అక్కడ తిరిగిన పుకార్లన్నీ ఇంకా పెద్ద ప్రళయం రాబోతోందని, ఫలానా రోజున పెద్ద వరద వస్తుందని, మళ్ళీ భూకంపం వస్తుందని చెప్పేవే.

ఇరవై ఏళ్ళ తర్వాత అమెరికాలో లియోన్ ఫెస్టింజర్ అనే శాస్త్రవేత్త ఈ పరిశోధన చదివి ఆలోచనలో పడ్డాడు. భయం పుట్టించే పుకార్లను మనుషులు ఎందుకు ఇష్టపడి నమ్మారు? ఆయనకు తట్టిన జవాబు ఇది. భూమి కంపించడంతో ఆ మనుషులకు గుండెల్లో భయం పట్టుకుంది. కానీ చుట్టూ చూస్తే భయపడడానికి ఏమీ కనపడలేదు. భయం ఉంది, కారణం లేదు. మనసు ఆ ఇబ్బందిని భరించలేదు. అందుకే ఉన్న భయానికి తగిన కారణాన్ని పుకారు రూపంలో తయారు చేసుకుంది. 1957లో ఆయన ప్రకటించిన ప్రసిద్ధ సిద్ధాంతానికి దారి చూపింది మన బీహార్ పుకార్లే అంటే ఆశ్చర్యంగా ఉంటుంది. ఇల్లు నిజంగా కూలినచోట ఇటువంటి పుకార్లు తక్కువగా ఉన్నాయని డార్జిలింగ్ కొండచరియలు విరిగిపడినప్పుడు దుర్గానంద్ సిన్హా చేసిన మరొక పరిశోధన చూపింది. అక్కడ భయానికి కారణం కళ్ళముందే ఉంది, కొత్తగా పుట్టించుకోవలసిన పని లేదు.

ఇప్పుడు మన ప్రాంతానికి వద్దాం. జల్‌పల్లి, పహాడీషరీఫ్, బాలాపూర్ వైపు ముప్పై ఏళ్ళ క్రితం ఉన్న మనుషులు వేరు, ఇప్పుడున్నవాళ్ళు వేరు. పాలమూరు నుండి, బీహార్ నుండి, ఒడిశా నుండి పనికి వచ్చినవాళ్ళున్నారు. బర్మా నుండి ప్రాణాలు చేతపట్టుకుని వచ్చిన రోహింగ్యాలు బాలాపూర్ పక్కన గుడిసెల్లో ఉన్నారు. 2008లో శంషాబాద్ విమానాశ్రయం మొదలయ్యాక పొలాలు ప్లాట్లయ్యాయి. పక్కింట్లో ఎవరున్నారో తెలియని బస్తీలు పెరిగాయి. పొద్దున పనికి పోయి రాత్రి వచ్చే తల్లిదండ్రులకు పిల్లల గురించి బెంగ ఉండడం సహజం. ఆ బెంగ నిజం. పుకారు చేసిందల్లా ఆ నిజమైన బెంగకు ఒక అబద్ధపు ముఖాన్ని అంటించడమే.

నిజంగా పిల్లలు ఎలా మాయమవుతారో కూడా చూద్దాం. 2015 జనవరిలో హైదరాబాద్ పోలీసులు పాతబస్తీలోని భవానీనగర్‌లో గాజుల తయారీ గదుల నుండి రెండువందలకు పైగా పిల్లలను విడిపించారు. ఎక్కువమంది బీహార్ పిల్లలు. వాళ్ళను సంచిలో వేసుకుని ఎవరూ ఎత్తుకురాలేదు. పేదరికంలో ఉన్న తల్లిదండ్రులకు కొంత డబ్బు చేతిలో పెట్టి దళారులు రైలెక్కించి తెచ్చారు. సంచి పట్టుకున్న బిచ్చగాడి కోసం రాత్రంతా కాపలా కాసే మనం, పక్క గల్లీలో తలుపు మూసిన గదిని మాత్రం చూడం. కుట్ర కథ వల్ల జరిగే పెద్ద నష్టాల్లో ఇది ఒకటి. అది మన చూపును అసలు నేరం మీద నుండి తప్పిస్తుంది.

విన్నకొద్దీ నిజమనిపిస్తుంది

1977లో అమెరికాలో ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులకు రెండేసి వారాల తేడాతో మూడుసార్లు కొన్ని వాక్యాలు వినిపించారు. కొన్ని నిజాలు, కొన్ని అబద్ధాలు. ఏది ఎంత నిజమనిపిస్తోందో చెప్పమన్నారు. మళ్ళీ మళ్ళీ విన్న వాక్యాలు, అబద్ధాలైనా సరే, క్రమంగా నిజమనిపించాయి. ఎక్కడ విన్నామో మనసు మరచిపోతుంది, విన్న సంగతి మాత్రం గుర్తుంటుంది. ఒకే వీడియో మామ పంపితే, తర్వాత దోస్తు పంపితే, ఆ తర్వాత కులసంఘం గ్రూపులో వస్తే మూడు సాక్ష్యాలు దొరికినట్లు అనిపిస్తుంది. నిజానికి అది ఒకే సాక్ష్యం, మూడుసార్లు వచ్చింది.

దీనికి వాట్సాప్ కూడా తప్పనిసరి కాదు. 2012 ఆగస్టులో, ఈశాన్య రాష్ట్రాల వారిపై దాడులు జరగబోతున్నాయని మామూలు ఎస్సెమ్మెస్‌లు తిరిగితేనే బెంగళూరు నుండి వేలాదిమంది, హైదరాబాద్ నుండి కూడా ఎందరో చదువులు, ఉద్యోగాలు వదిలి రైళ్ళెక్కారు. ప్రభుత్వం ఒకేసారి ఐదుగురికి మించి మెసేజ్‌లు పంపకుండా పదిహేను రోజులు ఆంక్ష పెట్టవలసి వచ్చింది. 2018 హత్యల తర్వాత వాట్సాప్ సంస్థ కూడా మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపలేకుండా చేసింది.

కత్తి చేయి మారింది

ఇప్పుడు చెప్పబోయేది మనందరం ముఖ్యంగా గుర్తుంచుకోవలసిన విషయం. 1947లో ఆల్‌పోర్ట్, పోస్ట్‌మన్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలు పుకార్ల మీద ఒక పుస్తకం రాశారు. వారు చేసిన ప్రయోగం చాలా సులువైనది. ఒక బొమ్మను ఒకరికి వర్ణించి చెబుతారు. అతడు రెండవ వ్యక్తికి, రెండవ వ్యక్తి మూడవ వ్యక్తికి చెప్పాలి. ఐదారుగురిని దాటేసరికి వివరాల్లో ఎక్కువ భాగం రాలిపోయాయి. మిగిలిన కొద్ది వివరాలు మరింత పదునెక్కాయి.

ఒక బొమ్మలో రైలు పెట్టెలో ఒక నల్లజాతి వ్యక్తి, ఒక తెల్లజాతి వ్యక్తి నిలబడి మాట్లాడుకుంటున్నారు. తెల్లవాడి చేతిలో గడ్డం గీసే కత్తి ఉంది. నోటి నుండి నోటికి కథ పోతూ ఉంటే, సగానికి పైగా ప్రయోగాల్లో ఎక్కడో ఒకచోట ఆ కత్తి నల్లవాడి చేతిలోకి వచ్చేసింది! ఎవరూ కావాలని అబద్ధం చెప్పలేదు. కత్తి ఎవరి చేతిలో ఉంటుందని తాము ముందే అనుకుంటున్నారో అక్కడే అది వారికి కనిపించింది.

మిత్రులారా, ఈ కత్తి కథ మనకు కొత్తది కాదు. ఊళ్ళో ఏదైనా పోతే ముందు ఎవరి వాడకు వచ్చి వెతికేవారో మన తాతలను అడిగితే చెబుతారు. బ్రిటిష్ ప్రభుత్వం 1871లో నేరస్త తెగల చట్టం తెచ్చింది. కొన్ని కులాలు, తెగలు పుట్టుకతోనే దొంగలని ఆ చట్టం పేర్లు రాసుకుంది. 1911లో దాన్ని మద్రాసు రాష్ట్రానికి కూడా వర్తింపజేశారు. ఆ తర్వాత ఎరుకల కుటుంబాలను తెచ్చి ఇప్పటి బాపట్ల జిల్లాలో ఒక నివాసంలో ఉంచి సాల్వేషన్ ఆర్మీ అజమాయిషీలో పెట్టారు. అదే స్టువార్టుపురం. అనుమతి లేకుండా ఊరు దాటకూడదు, హాజరు వేయించుకోవాలి. ఒక జాతి మొత్తం కలిసి దొంగతనానికి పన్నాగం పన్నుతోందన్నది కుట్ర కథ కాకపోతే మరేమిటి? తేడా అల్లా, అది చావడి దగ్గర చెప్పుకున్న కథ కాదు, ప్రభుత్వం గెజిట్‌లో అచ్చువేసిన కథ. స్వతంత్రం వచ్చాక 1952లో ఆ చట్టాన్ని రద్దు చేశారు.

చట్టం పోయింది, పేర్ల జాబితా మనుషుల తలల్లో మిగిలిపోయింది. 2018 పుకార్లలో వినిపించిన "పార్థీ" అన్న పేరు ఆ పాత జాబితాలోనిదే. ఆ ఏడాది జులై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రైన్‌పాడాలో జనం కొట్టి చంపిన ఐదుగురు కూడా భిక్షాటన చేసుకుంటూ తిరిగే సంచార జాతి వాళ్ళే. చాంద్రాయణగుట్టలో మరణించిన వ్యక్తి ట్రాన్స్‌జెండర్. పుకారుకు కొత్త దోషిని వెతికే ఓపిక ఉండదు. సమాజం ఇదివరకే పక్కకు నెట్టిన మనిషిని తీసుకుంటుంది. నిన్న ఆ జాబితాలో మన తాతలున్నారు. రేపు ఎవరుంటారో చెప్పలేం. అందుకే రుజువు అడగడం ఇతరులకు చదువు తెచ్చే గొప్పతనం కావచ్చు, మనకు మాత్రం అది ప్రాణరక్షణ.

మరి అనుమానించడమే తప్పా?

కాదు. ఇక్కడ పొరపాటు పడకూడదు. కుట్రలు నిజంగా జరుగుతాయి. పేదల మీద ఎక్కువగా జరుగుతాయి. రెండు ఉదాహరణలు చూద్దాం, రెండూ మనవంటి విద్యార్థులకు సంబంధించినవే.

2009 జులైలో అప్పటి ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుండి 14 ఏళ్ళ బాలికలు సుమారు 14,000 మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా ఒక టీకా వేసే కార్యక్రమం మొదలైంది. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి దీన్ని నడిపాయి. టీకా వేయించుకున్నవారిలో ఎందరో ఆశ్రమ పాఠశాలల, హాస్టళ్ళ పిల్లలు. కొందరు బాలికలు మరణించారన్న వార్తతో మహిళా సంఘాలు, ఆరోగ్య కార్యకర్తలు ప్రశ్నలు లేవనెత్తారు. 2010 ఏప్రిల్‌లో కార్యక్రమాన్ని ఆపేశారు.

విచారణలో రెండు సంగతులు బయటపడ్డాయి. ఒకటి, ఆ మరణాలు నీట మునగడం, పురుగుల మందు తాగడం, జ్వరం వంటి కారణాల వల్ల జరిగినవి, టీకాతో సంబంధం కనపడలేదని విచారణ కమిటీ చెప్పింది. రెండు, తల్లిదండ్రుల అనుమతి తీసుకోవడంలో ఘోరమైన నిర్లక్ష్యం జరిగింది. 9,543 అంగీకార పత్రాల్లో 1,948 వేలిముద్రలతో ఉన్నాయి, 2,763 పత్రాల మీద హాస్టల్ వార్డెన్లే సంతకాలు పెట్టారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తన నివేదికలో ఈ మొత్తం వ్యవహారాన్ని తీవ్రంగా తప్పుపట్టింది.

ఈ రెండు సంగతులనూ కలిపి పట్టుకోవడం రావాలి. "టీకాతో మన ఆడపిల్లలను చంపారు" అన్నది ఆధారం లేని మాట. ఆ టీకా క్యాన్సర్‌ను అడ్డుకుంటుందని ఎన్నో దేశాల అనుభవం చూపింది. "మమ్మల్ని అడగకుండా మా పిల్లలకు సూది వేశారు" అన్నది మాత్రం పత్రాలతో రుజువైన నిజం. మొదటి మాట పట్టుకుంటే మన చెల్లెళ్ళు పనికివచ్చే టీకాకు దూరమవుతారు. రెండవది పట్టుకుంటే రేపు ఎవరైనా మన అనుమతి లేకుండా మన మీద చేయి వేయడానికి జంకుతారు.

రెండవ ఉదాహరణ 2023 నాటిది. ఆ ఏడాది మార్చిలో తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ ప్రశ్నపత్రాలు లీకైన సంగతి బయటపడింది. కమిషన్ కార్యాలయంలో పనిచేసేవారే అందులో అరెస్టయ్యారు. 2022 అక్టోబర్ 16న జరిగిన గ్రూప్-1 ప్రిలిమ్స్‌ను రద్దు చేశారు. మెస్సు బిల్లులకే కష్టపడుతూ అశోక్‌నగర్‌లో చదువుకున్న వేలమంది అన్నల, అక్కల కష్టం నీళ్ళపాలైంది. ఇది నిజమైన కుట్ర. కానీ ఇది ఎలా బయటపడింది? ఫిర్యాదుతో, దర్యాప్తుతో, కంప్యూటర్లలో దొరికిన ఆధారాలతో, నిందితుల పేర్లతో. నిజమైన కుట్రకు ఎప్పుడూ చిరునామా దొరుకుతుంది. తర్వాత ప్రతి పరీక్షకూ "పేపర్ లీకైంది" అన్న పుకారు పుట్టడం కూడా దీని ఫలితమే. ఒకసారి మోసపోయినవాడు మజ్జిగను కూడా ఊదుకుని తాగుతాడు. జనాన్ని మూఢులని తిట్టేముందు, వాళ్ళ నమ్మకాన్ని పోగొట్టినవాళ్ళ బాధ్యతను కూడా లెక్కలోకి తీసుకోవాలని మా మనవి.

ఎలా తేల్చుకోవాలి?

ఏదైనా కథ ఫోన్‌లో వచ్చినా, నోటిమాటగా వచ్చినా ఈ నాలుగు ప్రశ్నలు వేసుకుంటే చాలావరకు తేలిపోతుంది.

1. ఎవరు చూశారు? "అందరూ అంటున్నారు" అన్నది జవాబు కాదు. ఊరు, తేదీ, పోలీస్ స్టేషన్ ఏదో చెప్పగలగాలి.

2. ఈ కథ అబద్ధమని తేలాలంటే ఏం చూపించాలి? "ఏం చూపించినా నమ్మను" అంటే అది తాళం పడిన తలుపు. అక్కడ వాదించి లాభం లేదు.

3. ఇది నిజమైతే ఎంతమంది నోరు మూసుకుని ఉండాలి? నలుగురు కలిసి పేపర్ దాచగలరు. దేశంలోని డాక్టర్లందరూ కలిసి ఒక రహస్యాన్ని ఏళ్ళతరబడి దాచలేరు. మన హాస్టల్‌లో ఒక గది రహస్యం సాయంత్రం దాకా దాగుతుందా?

4. వేలు ఎవరి వైపు చూపుతోంది? మనకు ముందే నచ్చని మనిషి వైపు, బలం లేని మనిషి వైపు చూపుతుంటే రెండింతలు జాగ్రత్తపడాలి. కత్తి చేయి మారి ఉండవచ్చు.

నిజంగా అనుమానం కలిగితే 100కు ఫోన్ చేయాలి. పిల్లల విషయమైతే 1098 ఉంది. చేయి చేసుకునే హక్కు మాత్రం ఎవరికీ లేదు.

ఇంటి సంగతి కూడా చెప్పాలి. మనలో చాలామంది ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్ళం. ఫోన్‌లో ఏది వచ్చినా అమ్మ, నాయిన, పెద్దనాయిన మనకే చూపించి "ఇది నిజమేనా బిడ్డా?" అని అడుగుతారు. అప్పుడు "నీకేం తెల్వదు, ఊకో" అంటే వాళ్ళు మళ్ళీ అడగరు, అడగకుండానే నమ్ముతారు. దానికి బదులు "ఆ పిల్లగాడు ఏ ఊరోడు అవ్వా? ఎవరి కొడుకు?" అని మెల్లగా అడిగి చూడండి. పొలం కొనేముందు నలుగురిని అడిగి, కాగితం చూసి, హద్దులు కొలిచే మనుషులు వాళ్ళు. సంబంధం చూసేటప్పుడు ఏడు తరాలు ఆరా తీసేవాళ్ళు. ఆరా తీయడం వాళ్ళకు మనం నేర్పనక్కరలేదు. ఆ తెలివిని ఫోన్‌లో వచ్చిన మాటకు కూడా వాడమని గుర్తుచేస్తే చాలు.

ఇది పనిచేస్తుందనడానికి మన రాష్ట్రంలోనే రుజువు ఉంది. 2018లో జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి గారు ఊరికొక పోలీసును కేటాయించి, ప్రజలతో ముఖాముఖి మాట్లాడించారు. డప్పులతో, పాటలతో కళాకారులు ఊరూరా తిరిగి, ఫోన్‌లో వచ్చేదంతా నిజం కాదని చెప్పారు. చుట్టూ పుకార్లు అంటుకుని మండుతున్నా ఆ జిల్లాలో ఒక్క ప్రాణం కూడా పోలేదు. డప్పు మన తాతలది. పుకారు మీద గెలిచింది కూడా ఆ డప్పే అంటే మాకు గర్వంగా ఉంది.

బుద్ధుడు కాలాములనే ప్రజలకు చెప్పిన ఉపదేశం ప్రసిద్ధమైనది. వినికిడి వల్లనో, పరంపరగా వస్తోందనో, చెప్పినవాడు గొప్పవాడనో నమ్మవద్దు, మీకు మీరే పరిశీలించి తెలుసుకోండి అన్నాడాయన. బాబాసాహెబ్ నడిచిన దారి కూడా అదే. మన రాజ్యాంగంలోని 51-ఎ అధికరణం శాస్త్రీయ దృక్పథాన్ని, ప్రశ్నించే తత్వాన్ని పెంపొందించుకోవడం ప్రతి పౌరుడి ప్రాథమిక విధి అంటోంది.

నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఈసారి ఎవరైనా ఆ మాట అంటే, పదండి, పోయి ఆ నిప్పు ఎక్కడుందో చూసి వద్దాం అందాం. నిప్పు ఉంటే ఆర్పుదాం, పెట్టినవాణ్ణి పట్టిద్దాం. లేకపోతే, పొగ చూసి కర్ర ఎత్తిన చేతిని పట్టుకుని దించుదాం.